వంద రూపాయల ముక్కలో రూపాయిన్నర వేరుశనగ



మొన్నటి దీపావళి పండుగకు మా మనుమడు బెంగళూరు నుండి అనంతపురం వచ్చాడు. వస్తూ ఒక చిన్న అట్టపెట్టె తెచ్చాడు. అందులో ఆరు ముక్కలున్నవి. ఒక్కొక్కటి తూకం 50 గ్రాములు, వెల 100 రూపాయలు. అంతర్జాలంలో లక్షలాదిమంది అనుసరించే ఒక ప్రముఖుడు అమ్మకానికి పెట్టిన 'ఆరోగ్యకరమైన చిరుతిండి' అది. పేరు చెప్పను. నా తగవు ఆ ఒక్క ముక్కతో కాదు.

"తాతా, బిస్కెట్లు వద్దు, చిప్స్ వద్దు అని రోగులకు చెప్పి చెప్పి అలసిపోయావు కదా. నీ మాట విన్నవాడు ఒకడు పుట్టాడు. తిని చూడు" అన్నాడు.

తిన్నాను. నా కట్టుడు పళ్ళకు కొంత పని కల్పించిన మాట నిజమే గాని రుచి బాగుగానే ఉన్నది. ఖర్జూరపు తీపి, కోకో చేదు, నడుమ నడుమ పంటికి తగిలే వేరుశనగ పలుకులు. తిన్న తరువాత, వైద్యునికి అలవాటైన పని చేశాను. కాగితాన్ని తిరగవేసి, కళ్ళజోడు సవరించుకొని, వెనుకనున్న చిన్న అక్షరాలు చదివాను.

ఖర్జూరం 38 శాతం, వేరుశనగ 30 శాతం, పాల నుండి తీసిన వే ప్రోటీన్ 18 శాతం, తక్కినది బాదం, కోకో, ఉప్పు. రంగులు లేవు, నిల్వ రసాయనాలు లేవు, పామాయిల్ లేదు. ఒక ముక్కలో 210 కేలరీలు, 11 గ్రాముల మాంసకృత్తులు, 13 గ్రాముల చక్కెరలు. దాచిపెట్టినది ఏమీ లేదు. ఆ మాత్రం నిజాయితీ మన బజారులో అరుదు గనుక దానికి నా నమస్కారం.

నేనీ వ్యాసం వ్రాయడానికి కారణం ఆ ముక్క కాదు. మా ఇంట వంటపనిలో సాయం చేసే ఆమె, ఆ పొట్లాన్ని చేతిలోకి తీసుకొని అడిగిన ప్రశ్న.

"సార్, ఇది మా పాపకు పెడితే రక్తం పడుతుందా? ఫోన్లో చూపిచ్చినారు. నూరు రూపాయలంట కదా, వారానికి రెండన్నా కొనిద్దామని."

ఆ పాప తొమ్మిదవ తరగతి. మెట్లెక్కితే ఆయాసం, పాఠం వింటూ నిద్ర, కళ్ళ క్రింద తెలుపు. తల్లి సంపాదన ఎంతో నాకు తెలుసు. ఆమె ఊరిలో ఉపాధి హామీ పనికి పోయినా, 2025-26 సంవత్సరానికి మన రాష్ట్రంలో నిర్ణయించిన కూలి రోజుకు 307 రూపాయలు. ఎండలో మట్టి తవ్విన ఒక రోజులో మూడవ వంతు ఆ ముక్క ఖరీదు.

ఆ ప్రశ్న విన్నప్పుడు నాకు నలభై ఏండ్ల నాటి మరొక పొట్లం, కాదు, ఒక డబ్బా గుర్తుకు వచ్చింది. ఆ సంగతి చెప్పనిదే నాకు ఈ విషయం మీద మాట్లాడే అర్హత లేదు.

కర్నూలు వైద్య కళాశాలలో చదువు ముగించుకొని నేను కళ్యాణదుర్గం వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్న రోజులవి. మందుల కంపెనీల ప్రతినిధులు వచ్చేవారు. క్యాలెండరు, కలము, నమూనా సీసాలు ఇచ్చి వెళ్ళేవారు. ఒకాయన మాంసకృత్తుల పొడి డబ్బాలు తెచ్చి, బాలింతలకు, బలహీనులకు ఇది అమృతమని చెప్పాడు. యౌవనంలో ఉన్నాను, నమ్మాను. కాన్పు తరువాత నీరసించిపోయిన ఒక రైతు కూలి భార్యకు, మందుల చీటీ మీద ఆ డబ్బా పేరు నా చేతితో వ్రాశాను.

నెలన్నర తరువాత భర్త వచ్చాడు. రెండు డబ్బాలు అయిపోయినవట, మూడవది వ్రాసి ఇమ్మన్నాడు. అప్పటికి తొలకరి పడి నాలుగు రోజులైంది. ఊరంతా చేలలో ఉన్నది. ఈయన మాత్రం నా ఎదుట ఉన్నాడు. "విత్తనం వేయలేదా?" అని అడిగాను.

"అమ్మేసినాను సార్ ఇత్తనంకాయ. డబ్బా కొనల్ల కదా. మీరు రాసిచ్చినారు."

విత్తనంకాయ అంటే ఏమిటో ఈ జిల్లా వారికి చెప్పనక్కరలేదు. సంవత్సరానికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ పడితే పడినట్లు. ఆ వాన కోసం ఆకలినైనా ఓర్చి దాచుకునే మూట అది. ఇంట్లో పిల్లలు ఏడ్చినా విప్పరు. ఆ మూటను నా చీటీ విప్పించింది.

ఆ సాయంత్రం నా గదిలో మిగిలిన నమూనా డబ్బాను తీసి, మొదటిసారి వెనుక వైపు చదివాను. అందులోని మాంసకృత్తులకు మూలంగా వ్రాసిన పదార్థాలలో వేరుశనగ పిండి ఉన్నది.

పాఠకులు ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఆ మనిషి తన వేరుశనగను అమ్మి, ఆ డబ్బుతో వేరుశనగ పిండిని కొన్నాడు. మధ్యవర్తిని నేను. ఆ ఏడు వాళ్ళ చేను బీడు పడింది. నేను చేసిన పొరపాట్లలో రోగి ప్రాణం మీదికి తెచ్చినవి కొన్ని ఉండవచ్చు. కాని నిద్రలో గుర్తుకు వచ్చేది ఇదే.

ఇప్పుడు మా మనుమడు తెచ్చిన ముక్కకు వద్దాం. అందులో వేరుశనగ 30 శాతం, అనగా 15 గ్రాముల పప్పు. వంద కిలోల కాయ ఒలిస్తే సుమారు డెబ్బై కిలోల పప్పు వస్తుంది. కాబట్టి ఆ పప్పుకు 21 గ్రాముల కాయ కావాలి. 2025-26 ఖరీఫ్‌కు కేంద్రం ప్రకటించిన కనీస మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. ఆ ధర దక్కినా (దక్కని సంవత్సరాలు రైతుకు బాగా తెలుసు) ఈ నేల మీద పండించిన వానికి ఆ వంద రూపాయల ముక్కలో చేరేది రూపాయిన్నర. తక్కినదంతా యంత్రానికి, రవాణాకు, పన్నుకు, వే ప్రోటీన్‌కు, అన్నిటికంటే మించి ఆ ప్రముఖుని మాటకు.

మాటకు వెల ఉండకూడదా? ఉండవచ్చు. అయితే ఆ మాట ఏమి చెబుతున్నదో పరీక్షించాలి కదా.

'ఆరోగ్యకరమైనది' అన్న మాట వినగానే మీరు అడగవలసిన మొదటి ప్రశ్న, "దేనికంటే?" అన్నది.

2024 సెప్టెంబరులో అమెరికాలో ముగ్గురు అంతర్జాల ప్రముఖులు, లోగన్ పాల్, కేఎస్ఐ, మిస్టర్ బీస్ట్, కలసి 'లంచ్లీ' అనే పిల్లల భోజనపు పొట్లాన్ని విడుదల చేశారు. ఇది అంతకుముందు నుండి అక్కడ అమ్ముడుపోతున్న 'లంచబుల్స్' కంటే మేలైనదని ప్రచారం చేశారు. కేలరీలు తక్కువ, చక్కెర తక్కువ అని పక్కపక్కన పెట్టి చూపించారు. ఆ పొట్లంలో ఏమున్నది? కర్మాగారంలో తయారైన తినుబండారం, వారిలో ఒకరి చాక్లెట్, మరిద్దరి పానీయం. పోలిక పెట్టినది పండుతో కాదు, ఇంటి రొట్టెతో కాదు. అంతకంటే అధ్వాన్నమైన మరొక పొట్లంతో. తరగతిలో చివరివాని పక్కన నిలబడి నేను ముందున్నానని చెప్పుకోవడం వంటిదిది.

మన ముక్క కూడా అంతే. క్రీము బిస్కెట్ కంటే మేలా? మేలే. నూనెలో వేగిన చిప్స్ కంటే? తప్పక మేలే. మరి గుప్పెడు వేయించిన వేరుశనగ పప్పు, గుప్పెడు పుట్నాలు, లేదా ఒక గిన్నె ఉలవ గుగ్గిళ్ళ కంటే? ఈ మూడవ ప్రశ్న ఏ వీడియోలోనూ వినబడదు. వినబడితే ముక్క అమ్ముడుపోదు.

లెక్క వేసి చూద్దాం. 30 గ్రాముల వేరుశనగ పప్పులో ఏడు గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉంటాయి. 30 గ్రాముల పుట్నాలలో ఆరు గ్రాములకు పైగా. రెండూ కలిపితే సుమారు 14 గ్రాములు. ముక్కలో ఉన్నది 11. వీటిలో కలిపిన తీపి లేదు. ఖర్చు పది రూపాయలు దాటదు.

"వే ప్రోటీన్ నాణ్యత వేరు కదా" అంటారు. నిజమే. పాల మాంసకృత్తులలో మన శరీరానికి కావలసిన అమైనో ఆమ్లాలన్నీ చక్కని పాళ్ళలో ఉంటాయి. వేరుశనగలో కొన్ని తక్కువ. అందుకే మన పెద్దలు సంగటిని పప్పుతో, కొర్రన్నాన్ని మజ్జిగతో కలిపి తిన్నారు. ఒకదాని లోటును మరొకటి తీరుస్తుంది. రోజు మొత్తం మీద లెక్క సరిపోతే చాలు. ప్రతి ముద్దా పరిపూర్ణం కానక్కరలేదు. ఆరోగ్యవంతుడైన పెద్దవానికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలునని భారత వైద్య పరిశోధనా మండలి సిఫారసు. 60 కిలోల మనిషికి అది 50 గ్రాములు. రెండు పూటలా పప్పు, ఒక గుడ్డు, ఒక గ్లాసు పాలు, గుప్పెడు పల్లీలు ఉన్న ఇంట ఈ లెక్క తీరడం కష్టం కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో వెలువరించిన ఆహార మార్గదర్శకాలలో, కండలు పెంచడానికని మాంసకృత్తుల పొడులు వాడవద్దని, పొట్లాల మీది వ్రాతలను జాగ్రత్తగా చదవమని స్పష్టంగా చెప్పింది.

ఇక 'చక్కెర కలపలేదు' అన్న మాట. చక్కెర కలపలేదు అన్నది వేరు, చక్కెర లేదు అన్నది వేరు. ఖర్జూరపు గుజ్జులో సుమారు మూడింట రెండు వంతులు చక్కెరలే. ఆ ముక్కలోని 13 గ్రాములంటే మూడు చెంచాలకు పైమాట. ఖర్జూరంలో పీచు ఉన్నది, ఖనిజాలు ఉన్నవి, ఒప్పుకుంటాను. కాని ఆ ముక్కను 'ఇందులో చక్కెర లేదట' అనుకొని రోజూ నమిలే మధుమేహ రోగి రక్తానికి ఆ సమర్థనలు తెలియవు. దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహం ఉన్నదని 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం అంచనా. ఈ భ్రమ వారికి ప్రమాదం.

ఇదే న్యాయం మన ఊరి తిండికీ వర్తింపజేయకపోతే నేను వైద్యుణ్ణి కాను, ఊరి భజన చేసేవాణ్ణి అవుతాను. బెల్లంపాకంలో చేసిన వేరుశనగ ఉండ మన తాతలు తిన్నదే, బడి పిల్లలకు మధ్యాహ్న భోజనంతో పాటు ప్రభుత్వం 2020 నుండి ఇచ్చినదే. ఆటలాడి ఎండలో తిరిగే బక్క పిల్లవానికి అది మంచి తిండి. కాని బెల్లంలో అధికభాగం చక్కెరే. కుర్చీలో కూర్చొని పనిచేసే యాభై ఏండ్ల మధుమేహ రోగికి ఆ ఉండ మందు కాదు. మనదైనంత మాత్రాన తీపి తీపి కాకుండా పోదు. కొర్రలూ అంతే. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తరువాత కొర్ర బిస్కెట్లు, రాగి చాక్లెట్లు పుట్టగొడుగుల్లా లేచాయి. పొట్లం ముందు కొర్ర కంకి బొమ్మ, వెనుక మైదా, పంచదార, పామాయిల్. కంకి బొమ్మను చూడకండి. వెనుక వైపు వరుస చూడండి. ఏ పదార్థం ఎక్కువ ఉంటే దాని పేరు ముందు వ్రాయాలన్నది నియమం. మొదటి మూడు పేర్లు చదివితే పొట్లం స్వభావం తెలిసిపోతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. భయాన్ని పుట్టించేవాడు, ఆ భయానికి విరుగుడు అమ్మేవాడు ఒకడే కావడం నా అభ్యంతరం.

న్యాయంగా మాట్లాడదాం. అంతర్జాల ప్రముఖులు అందరూ మోసగాళ్ళు కారు. 2023 ఏప్రిల్‌లో రేవంత్ హిమత్‌సింగ్కా అనే యువకుడు బోర్న్‌వీటాలో ఎంత చక్కెర ఉన్నదో ఒక చిన్న వీడియోలో చెప్పాడు. కంపెనీ న్యాయ నోటీసు పంపితే వీడియో తొలగించవలసి వచ్చింది. కాని మాట ఆగలేదు. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ, ఇటువంటి పానీయాలను 'ఆరోగ్య పానీయాలు' అన్న వర్గం నుండి తొలగించమని అంతర్జాల దుకాణాలకు సూచించింది. మా వైద్య సంఘాలు దశాబ్దాలుగా చేయని పని అది. సిగ్గుతో ఒప్పుకుంటున్నాను. తరువాత ఆయనే ప్రోటీన్ పౌడర్ వ్యాపారంలోకి దిగాడు. అంతకుముందు శశాంక్ మెహతా అనే ఆయన ఆహారం గురించి బ్లాగు వ్రాస్తూ, 2019లో పొట్లం ముందు భాగాననే పదార్థాలన్నీ అచ్చువేసే ప్రోటీన్ బార్ల కంపెనీ స్థాపించాడు. వీరి వస్తువులు చెడ్డవని నేను అనడం లేదు. వ్యాపారం నేరం కాదు. కాని నిన్నటి వరకు 'చదవండి' అన్న గొంతు, నేడు 'కొనండి' అన్నప్పుడు, వినేవాని చెవి మారాలి. నిన్న ఆయన మాట విన్నందుకు మీకు ఖర్చు లేదు, ఆయనకు లాభం లేదు. నేడు రెండూ ఉన్నవి.

మా వృత్తిలో దీనికొక నియమం ఉన్నది. మందు వ్రాసే వైద్యుడు ఆ మందు అమ్మకంలో వాటా తీసుకోరాదు. ఆ నియమాన్ని మాలో కొందరు ఎట్లా పాటిస్తున్నారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా నియమం ఉన్నది గనుకనే అతిక్రమించినవాణ్ణి తప్పు పట్టగలుగుతున్నాము. అంతర్జాల ప్రముఖునికి సలహాయే దుకాణపు వాకిలి. ఆరోగ్య విషయాలు మాట్లాడేవారు తమ అర్హతలు, కంపెనీతో తమ సంబంధం వెల్లడించాలని 2023లో కేంద్ర వినియోగదారుల శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. వెల్లడించడం మంచిదే. కాని 'ఇది నా సొంత సరుకు' అని నవ్వుతూ చెప్పినంత మాత్రాన చూసేవాని విచక్షణ మేల్కొనదు; 'ఎంత నిజాయితీపరుడు' అన్న నమ్మకం ఇంకొంచెం పెరుగుతుంది. నాకు డబ్బా ఇచ్చిన ప్రతినిధి కూడా కంపెనీ పేరు దాచలేదు.

దీనికి ఎదురుగా హైదరాబాదులో జరిగినది చూడండి. పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ గారు, ఓఆర్‌ఎస్ అన్న పేరు తగిలించుకొని అమ్ముడుపోతున్న తీపి పానీయాల మీద దాదాపు ఎనిమిది సంవత్సరాలు పోరాడారు. విరేచనాలైన పిల్లవానికి ఎక్కువ చక్కెర గల పానీయం పడితే నీరు ఇంకా పోతుంది. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి సరిపడని పానీయాల పేరులో ఆ మూడు అక్షరాలు వాడరాదని ఆదేశించింది. ఆ విజయం వలన జనం చేతికి వచ్చిన వస్తువు ఏది? ఏ ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా ఉచితంగా ఇచ్చే సాధారణ ఓఆర్‌ఎస్ పొట్లం. ఆ పోరాటం చివర కొత్త దుకాణమేదీ తెరుచుకోలేదు. ప్రజారోగ్యం కోసం మాట్లాడటమంటే నా దృష్టిలో ఇది.

"డాక్టరు గారూ, మీరు పాతకాలపు వారు. ఉద్యోగాలు చేసే ఆడవారికి గుగ్గిళ్ళు ఉడకబెట్టే తీరిక ఎక్కడిది?" అని అడిగేవారున్నారు. సరైన ప్రశ్నే. నా సమాధానం రెండు మాటలు. మొదటిది, ఉడకబెట్టే పని ఆడవారిదేనని ఏ వైద్యగ్రంథంలోనూ లేదు. భార్య పోయిన తరువాత నేను నేర్చుకున్నాను. ఆదివారం ఇరవై నిమిషాలు పల్లీలు వేయిస్తే వారానికి సరిపోతాయి. రెండవది, ఆఫీసులో సాయంత్రం నాలుగు గంటలకు మీ ముందున్నవి సమోసా, ఆ ముక్క మాత్రమే అయితే, జేబు అనుమతిస్తే, నిశ్చింతగా ముక్క తినండి. అది తినుబండారం. తినుబండారంగా తిన్నంత కాలం నాకు ఏ అభ్యంతరమూ లేదు. దానిని మందుగా, తల్లి ప్రేమగా, పిల్లల ఎదుగుదలగా అమ్మినప్పుడే నేను నోరు విప్పుతున్నాను.

పల్లీలు తినమన్నాను గనుక జాగ్రత్తలు కూడా చెప్పాలి. బూజు పట్టినవి, ముడుచుకుపోయినవి, రంగు మారినవి, చేదుగా ఉన్నవి పారవేయండి. పంట చివరి దశలో బెట్ట తగిలిన కాయలో, తడి ఆరకుండా నిల్వ చేసిన కాయలో ఒక రకం బూజు చేరి అఫ్లటాక్సిన్ అనే విషం తయారవుతుంది. వేయించినా అది పూర్తిగా పోదు, కాలేయానికి చేటు. ఐదేండ్ల లోపు పిల్లలకు పలుకులు ఇవ్వకండి, శ్వాసనాళానికి అడ్డుపడతాయి. మెత్తగా పొడి చేసి పెట్టండి. వేరుశనగ పడనివారు ముట్టవద్దు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాంసకృత్తులు ఎంత తినాలో తమ వైద్యుణ్ణి అడిగి తెలుసుకోవాలి. ఈ మాట ఆ ముక్కకూ వర్తిస్తుంది. గుప్పెడు అంటే గుప్పెడే. కొవ్వు ఎక్కువ గనుక చేటడు తింటే బరువు పెరుగుతారు.

ఇక ఆ పాప సంగతి. "ఇది తింటే రక్తం పడుతుందా?" అన్న ప్రశ్నకు, కాగితం మీద ఇనుము అన్న మాటే లేదని ఆమె తల్లికి చూపించాను. మరునాడు పాపను పిలిపించి, ప్రభుత్వ ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయించాము. హిమోగ్లోబిన్ 8.6 గ్రాములు. ఆ వయసు ఆడపిల్లకు 12 ఉండాలి. మన రాష్ట్రంలో సగానికి పైగా స్త్రీలు రక్తహీనులని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఈ పాప వారిలో ఒకతె. నెలసరి రక్తస్రావం ఎక్కువా అని అడిగాము, నులిపురుగుల మాత్ర వేయించాము, ఐరన్ ఫోలిక్ మాత్రలు మొదలుపెట్టాము. బడిలో వారం వారం ఇచ్చే నీలిరంగు మాత్ర కడుపులో తిప్పుతుందని ఈ పిల్ల కిటికీలోంచి పారవేసేదట. అన్నం తిన్న తరువాత వేసుకోమని, మాత్రకు గంట ముందు వెనుక టీ త్రాగవద్దని, నిమ్మరసం మంచిదని, మలం నల్లగా వస్తే భయపడవద్దని చెప్పాము. తిండిలో ఆకుకూర, గుడ్డు, రాగి సంగటి, ఉలవచారు, సాయంత్రం గుప్పెడు పల్లీలు. మాత్రలకు, పరీక్షకు అయిన ఖర్చు ఏమీ లేదు.

రెండు నెలలు గడిచాయి. గత వారం మరల పరీక్ష చేయిస్తే 10.7 వచ్చింది. ఇంకా కొన్ని నెలలు మాత్రలు ఆపరాదు. తరగతిలో నిద్ర రావడం లేదని పాప చెప్పింది. దీనిని వీడియో తీసి పెట్టేవారెవరు? ఉచిత మాత్రకు ప్రచారకర్త ఉండడు. అమ్మడానికి లేనిదానికి ప్రకటన ఉండదు. అందువల్లనే మీ చేతిలోని ఫోను మీకు ఏమేమి చూపించదో గుర్తుపెట్టుకోవాలి.

కాబట్టి నా విన్నపం ఇది. వంద రూపాయల ముక్క కొనేముందు మూడు ప్రశ్నలు వేయండి. దేనికంటే మేలు? చెప్పేవానికి ఇందులో ఏమి లాభం? ఇందులోని వస్తువు నా ఇంట్లో, నా ఊరి సంతలో విడిగా ఎంతకు దొరుకుతుంది? ఈ మూడింటికీ సమాధానం తెలిసి కూడా కొనాలనిపిస్తే కొనుక్కోండి, సంతోషంగా తినండి. కాని ఇంట్లో జబ్బు మనిషి ఉంటే, ఆ వంద రూపాయలు పట్టుకొని ముందు దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి. అక్కడ ఖర్చు కాకపోతే, తిరిగి వచ్చే దారిలో రైతు దగ్గర కిలో కాయలు కొనండి. ఆయనకు రూపాయిన్నర కంటే ఎక్కువే దక్కుతుంది.

ప్రభుత్వానికి కూడా ఒక మాట. చిలీ దేశం 2016 నుండి చక్కెర, ఉప్పు, కొవ్వు మితిమీరిన పొట్లాల ముందు భాగాన నల్లని హెచ్చరిక గుర్తు వేయిస్తున్నది. చదువురాని తల్లికి కూడా అది అర్థమవుతుంది. మన దేశంలో 2022లో నక్షత్రాల గుర్తులతో ఒక ముసాయిదా వచ్చింది. చక్కెర ముంచిన పొట్లానికి కూడా ఒకటో రెండో నక్షత్రాలు మెరిస్తే, ఆ తల్లి దానిని మెచ్చుకోలుగానే చదువుతుంది. కావలసినది నక్షత్రం కాదు, హెచ్చరిక.

మా మనుమడు బెంగళూరుకు తిరిగి వెళ్ళేటప్పుడు పెట్టెలో నాలుగు ముక్కలు మిగిలాయి, తీసుకొనిపొమ్మన్నాను. వాటితో పాటు ఒక డబ్బా నిండా వేయించిన పల్లీలు ఇచ్చాను. ముందు ఏది అయిపోయిందో ఫోనులో అడిగితే చెప్పలేదు, నవ్వాడు.

ఆ రైతు మూడవ డబ్బా వ్రాయమని వచ్చిన రోజున నేను చీటీ చించివేశాను. విత్తనానికి అప్పు ఇవ్వగల స్తోమత ఆనాటి నా జీతానికి ఉన్నది. ఇవ్వలేదు. ఆలోచనే రాలేదు. మీలో ఎవరైనా యువ వైద్యులు ఇది చదువుతుంటే, చీటీ మీద కలం పెట్టేముందు రోగి ఇంటి మూలనున్న ఆ మూటను ఒకసారి తలచుకోండి.